ఊరగాయ సీసాలో పసరు

తిరుపతి,
6 ఆగస్టు 2023

అత్తా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నువ్వు మూతి విరుస్తావని తెలుసు. ఏం చేయను? నీకు ఫోను చేస్తే నాన్న లాక్కుని స్పీకరు నొక్కుతాడు. తుమ్మపాల వీధంతా వింటుంది. బస్సు కార్గోలో నాకు పచ్చళ్లు పంపుతావు కదా, ఆ సంచిలోనే జవాబు పడెయ్.

ఎమ్మెస్సీ ఆఖరి ఏడు ప్రాజెక్టు మొదలైంది. నాటుమందు మొక్కల పసరు క్రిముల్ని చంపుతుందా లేదా అని చూడటం నా పని. గాజు పళ్లెంలో జున్నులా గడ్డకట్టే మేత పోసి, దాని మీద క్రిముల్ని పులుముతాం. పసరులో ముంచిన కాగితపు బిళ్ళ మధ్యలో పెడతాం. తెల్లారేసరికి పళ్లెమంతా క్రిములు మీగడలా పెరిగిపోతాయి. పసరులో సత్తా ఉంటే బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని స్కేలుతో కొలుస్తాం. వినడానికి బాగానే ఉంటుంది, వాసనే భరించలేం. తడిసిన కుక్కా, మురిగిన గంజీ కలిసినట్టు ఉంటుంది. మొదటి వారం నాకు పెరుగన్నం సయించలేదు.

మా గైడు మేడం ఇచ్చిన ఏడు మొక్కలూ అందరూ అరగదీసినవే. నాకు మన తాతయ్య పసరు గుర్తొచ్చింది. రావికమతం నుంచి కూడా పుళ్ళూ గాయాలూ పట్టుకుని వచ్చేవారని నువ్వే చెప్పావు. మార్చిలో బెల్లం పెనం దగ్గర పాకం ఒలికి కాలిన పాదానికి నాన్న ఇప్పటికీ అదే పూస్తున్నాడా? మే నెలలో వచ్చినప్పుడు ఆ పుండు నుంచి దూదిపుల్లతో తీసుకెళ్లిన క్రిములు మా ల్యాబు ఫ్రిజ్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి మీదే చూస్తాను.

ఆ మొక్క కొమ్మ ఒకటి పువ్వుతో సహా పంపించు. బోటనీ సారు పేరు తేల్చాలి.

నీ సుజి


తుమ్మపాల,
15 ఆగస్టు 2023

సుజీ,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను మీ నాన్న కట్టు విప్పుతున్నాను. చేతులు కడుక్కుని చదివేను. చదివి మళ్ళీ కడుక్కున్నాను.

సర్కారు ఆసుపత్రిలో ముప్పై రెండేళ్లు నర్సుగా చేసేను. పురుగులు పట్టిన పుళ్ళు కడిగి, ఆ చేత్తోనే క్యారేజీ విప్పి తిన్నాను. ఏ రోజూ నాకు రోత పుట్టలేదు. మా అన్నయ్య పాదం కడిగిన పూట మాత్రం ముద్ద దిగదు. కంపుకి కాదమ్మా. కుళ్ళు మీద పచ్చటి ముద్ద మెత్తి, కళ్ళు మూసుకుని "సల్లగున్నాది పుష్పా" అంటాడు చూడు, దానికి. షుగరుతో మొద్దుబారిన పాదానికి చల్లనేమిటి, వేడేమిటి! మరిగే పాకం పడితేనే తెలియలేదు, పక్కవాడు అరిస్తే కిందకి చూసేడు. డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు. ఈయన పాకం నాలిక మీద వేసుకుంటే గాని పెనం దింపనివ్వడు.

కొమ్మ పంపమన్నావు. ఎవరిస్తారు? పొద్దు పొడవక ముందే, పళ్ళు తోమకుండా, ఎవరితోనూ మాటాడకుండా వెళ్లి కోసుకొస్తాడు. గుమ్మం దాటేలోపే నలిపేస్తాడు, ఆకు రూపం ఎవరికీ తెలియకూడదు. పేరు చెబితే పస పోతుందట. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషివి, నీకీ పట్టింపులేమిటని పాస్టరుగారు అడిగితే, "ఇది మా అయ్య సెప్పిన మాటండి. బైబులు వద్దన్నాదేటి?" అన్నాడు. పాస్టరుగారు కాఫీ తాగి వెళ్లిపోయేరు.

నేనిచ్చిన మాత్రలు తూములో పడేస్తాడు. ఆసుపత్రికి నెలకోసారి ఈడ్చుకెళ్లడమే గగనం. కడగడం నా వంతు, పూయడం ఆయన వంతు, అలా ఒప్పందానికి వచ్చేం. ఈ మధ్య కంపు కాస్త తగ్గింది. అది తగ్గినకొద్దీ ఆయన మిడిసిపాటు పెరుగుతోంది.

గూట్లో నూరి పెట్టిన ముద్ద ఊరగాయ సీసాలో వేసి పంపుతున్నాను. పచ్చడనుకుని నాకేవు, జాగ్రత్త.

మీ అత్త,
పుష్పకుమారి


తిరుపతి,
2 సెప్టెంబరు 2023

అత్తా, అత్తా,

ఇరవై నాలుగు మిల్లీమీటర్లు! నాన్న పుండులోంచి తీసిన క్రిముల మీదే! మూడు పళ్లేలు పెట్టాను, మూడింట్లోనూ బిళ్ళ చుట్టూ అద్దంలా ఖాళీ. కొన్న మందు బిళ్ళలకి కూడా ఒక్కోసారి అంత రాదు. ఏడాదిగా నా పేరు సుధ అనుకుంటున్న మేడం, "సుజీ, ఇలా కూర్చోమ్మా" అని కుర్చీ చూపించింది. డిసెంబరులో సదస్సుకి పంపుదామంటోంది.

ఆగలేక సాయంత్రమే నాన్నకి ఫోను చేసి చెప్పేశాను. నా చేత రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, "మీ తాత ఉండుంటే ఇనేవోడమ్మా" అన్నాడు.

నువ్వు ఎన్నేళ్లుగానో ఛీ ఛీ అంటున్నది ఇదీ! ఇంకో సీసా పంపు. కొమ్మ కూడా.

సుజి


తుమ్మపాల,
14 సెప్టెంబరు 2023

సుజీ,

నువ్వు చేసిన నిర్వాకం విను.

నీ ఫోను వచ్చినప్పుడు స్పీకరు నొక్కే ఉంది. అరుగు మీద ఆరుగురున్నారు. మర్నాటికి వాకిట్లో పన్నెండు మంది. ఒకడికి సెగగడ్డ, ఒకావిడకి ఒరుసుకున్న మడమ, ఒకడు చెవిలో చీముతో. చెవిలో కూడా పోసేడమ్మా మీ నాన్న! ఈగలు ముసిరిన రోలు, ఆ రోట్లోనే వేళ్లు ముంచి అందరికీ పూయడం. చెరుకు కత్తి తగిలి చెయ్యి చీరుకున్న అప్పలరాజు ఆసుపత్రికి బయలుదేరినవాడల్లా వెనక్కి తిరిగి ఇక్కడికొచ్చేడు. "డాకటేరు కుట్లేత్తాడు, నువ్వైతే పసరేత్తావు గదా మావా" అని చెయ్యి చాపేడు. రక్తం ఓడుతున్న గాయంలో ఆ పచ్చి ముద్ద కూరి గుడ్డ కట్టేడు.

ఇక ఆసుపత్రి మాట ఎత్తనివ్వడు. షుగరు ఇంజక్షను కూడా మానేసేడు. ఏమన్నా అంటే, "నా కూతురు మిషన్ల ఎట్టి సూసింది. నువ్వేటి సూసేవు? దూది సూసేవు" అంటాడు. పుండు కంపు మళ్ళీ మొదలైంది, అంచులు పచ్చగా మారుతున్నాయి. మంచి మందు పని చేసేముందు కుళ్ళు బైటికి లాగుతుందట!

ఆ సీసా సంగతి మరిచిపో. దాన్ని నమ్మకు. ఇంతకంటే రాయలేను. ఆయనకి ఫోను చేసి, తప్పు జరిగింది, పెద్ద డాక్టరుకి చూపించుకో అని చెప్పు. నా మాట వినడు, నీ మాట వింటాడు. మడమ ఎముక తగిలేదాకా వస్తే పాదం తీసేస్తారు. ఎన్ని పాదాలు చూసేనో నాకు తెలుసు.

మీ అత్త


తిరుపతి,
1 అక్టోబరు 2023

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒళ్ళు మండింది.

"నమ్మకు" అంటావు, ఎందుకో చెప్పవు. నాకు అర్థమైంది ఒక్కటే. ముప్పై రెండేళ్లు సూదులూ దూదీ పట్టుకున్న నీకు, చదువురాని అన్నయ్య ఆకు నెగ్గడం మింగుడు పడటం లేదు. ఈగల గురించీ రోలు గురించీ రాశావు, ఒప్పుకుంటాను, శుభ్రంగా చేయమని నాన్నకి చెప్పాను కూడా. కానీ పళ్లెం అబద్ధం చెప్పదు. దానికి నీ మీద కోపమూ లేదు, నాన్న మీద ప్రేమా లేదు.

నా ఫలితాన్ని మేడం సదస్సుకి పంపేసింది. మొక్క పేరు తేలకుండా వ్యాసం అచ్చు కాదు. నాన్నతో మాట్లాడాను. నా కోసం మొదటిసారి కొమ్మ నలపకుండా ఇస్తానన్నాడు. నువ్వు దయచేసి సంచిలో పెట్టు చాలు.

సుజి


తుమ్మపాల,
9 అక్టోబరు 2023

సుజీ,

కొమ్మ పంపుతున్నాను. తడిగుడ్డలో చుట్టింది మీ నాన్నే, నేను వేలు కూడా పెట్టలేదు. నువ్వు నన్ను అన్న మాట ఆయన నన్నెప్పుడూ అనలేదు.

పుష్పకుమారి


తిరుపతి,
28 అక్టోబరు 2023

అత్తా,

ముందు క్షమించు. తర్వాత ఇది చదువు.

ఆకులో ఏమీ లేదు.

నీళ్లతో తీశాను, స్పిరిట్‌తో తీశాను, నాన్న నూరినట్టే రోట్లో నూరి చూశాను. ఒక్క మిల్లీమీటరు లేదు. బిళ్ళ మీదకెక్కి మరీ పెరిగాయి క్రిములు. పొద్దున్నే మూత తీస్తే ఆకు ముద్ద మీదే పసుపు చుక్కలు జిగురుగా వేలాడుతున్నాయి. మేత వాటికి సరిపోక మన మందుని తిన్నాయి! పళ్లెం చెత్తలో పడేసి బైటికొచ్చి వాంతి చేసుకున్నాను. బోటనీ సారు కొమ్మ చూసి నవ్వాడు. ప్రతి కాలవ గట్టు మీదా మొలిచేదేనట. పేరు రాయను, నాన్న మాట అదొక్కటైనా నిలబడనీ.

మేడంకి చెప్పాను. ఆవిడ కంప్యూటర్ మీంచి తలెత్తకుండా, "మొదటిది వచ్చింది కదా, అదే ఉంచు. రెండోసారి ఎవరు చేయమన్నారు?" అంది. గోళ్ళకి రంగేసుకున్న ఆ చేత్తో నా కాగితం పక్కకి నెట్టింది. పళ్లెంలో పెరిగినవాటి కంటే ఆ చెయ్యే నాకు రోతగా అనిపించింది.

సీసాలో ఉన్నదీ, కొమ్మలో ఉన్నదీ ఒకటే ఆకు. మరి తేడా ఎక్కడ? సీసా ఫినాయిల్‌తో కడిగావా? నీకేదో తెలుసు. "ఇంతకంటే రాయలేను" అన్నావు. రాయి అత్తా.

సుజి


తుమ్మపాల,
5 నవంబరు 2023

సుజీ,

రాస్తున్నాను.

జూన్ నెల నుంచి ఆ ముద్దలో నేను యాంటీబయోటిక్ క్యాప్సూళ్లు విప్పి కలుపుతున్నాను.

ఆయన మాత్ర మింగడు. షుగరుది కాక ఇంకో ఇంజక్షనంటే రంకెలేస్తాడు. పుండు నా కళ్ళ ముందే లోతుకి పోతోంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు గూట్లోంచి ముద్ద తీసి, ఒక క్యాప్సూలు పొడి కలిపి, మళ్ళీ పచ్చగా కనిపించేలా మెదిపి పెట్టేదాన్ని. పసరు పేరు మీదైనా మందు తగులుతుంది కదా అనుకున్నాను. నెలరోజులకి కంపు తగ్గింది. ఆయన ఆకు గొప్పంటే నవ్వుకుని ఊరుకున్నాను. సెప్టెంబరులో కంపు తిరగబెడితే రెండేసి కలిపేను.

నువ్వు అడిగినప్పుడు గూట్లో ఉన్న ముద్దే వేసి పంపేను. కాలేజీ లెక్కకి ఏదో ఒకటి, పుస్తకంలో బొమ్మేసి మార్కులేస్తారనుకున్నాను. నువ్వు ఆయనకి ఫోను చేస్తావని కలలో కూడా అనుకోలేదు. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై రెండేళ్లు డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర ఎవరికీ ఇవ్వని మనిషినని ఊరంతా చెప్పుకున్నదాన్ని.

వాకిట్లో జనానికి ఆయన వేరే నూరేడు. అందులో నా పొడి లేదు. వట్టి ఆకు. అప్పలరాజు చెయ్యి మోచేతి దాకా వాచి, జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. ఒక వేలు తీసేసేరు. నిన్న వాళ్ళావిడ కుమారి వచ్చి మన వాకిట్లో ఉమ్మేసి వెళ్లింది. మీ నాన్న లోపల మంచం మీద ఉన్నాడు, చూడలేదు. ఆ ఉమ్ము నేనే కడిగేను. నాకే తగలాల్సింది, ముగ్గు మీద పడింది.

నా మీద నాకే అసహ్యంగా ఉంది సుజీ. వండిన కూర నేనే తినలేకపోతున్నాను. ఈ చేతులతోనే కదా మెదిపేను.

అత్త


తిరుపతి,
12 నవంబరు 2023

అత్తా,

రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మూడో రోజు అద్దంలో నా మొహం చూసుకున్నాను. మొక్క పేరు తెలియకుండా, ఎవరు నూరారో అడగకుండా, ఊరగాయ సీసాలోంచి తీసినదాన్ని పళ్లెంలో పెట్టింది నేను. వెంటనే ఫోనెత్తి డప్పు కొట్టింది నేను. మొదటి ఏడాది పిల్ల కూడా చేయని తప్పు.

మేడంకి రాసి ఇచ్చేశాను, సదస్సు నుంచి తీసేయమని. ఆవిడ దాన్ని సొరుగులో పడేసి, "నీ ఇష్టం, మార్కులు కూడా నీ ఇష్టమే అనుకో" అంది. ఈ ఏడు పోయినట్టే.

నాన్నకి వేరే కాగితం రాశాను. ఫోన్లో చెప్తే వీధి వింటుంది. ఆయన్ని ఒక్కణ్ణీ కూర్చోబెట్టి చదివి వినిపించు. నీ సంగతీ అందులో రాశాను, దాచలేదు. చదివేటప్పుడు ఒక్క మాట కూడా వదలకు.

ఇంకో సంగతి. ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరుకి ఏ క్యాప్సూలు, ఎన్నాళ్లు, ఎంతేసి అన్నది ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడకు. అది తెలియకపోతే, పుండుని ఆపలేకపోయిన ఆ మందే ఆయన కూడా రాస్తాడు.

సుజి


విశాఖపట్నం,
1 డిసెంబరు 2023

సుజీ,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నీ కాగితం చదివేను. "మళ్ళీ సదువు" అన్నాడు. రెండోసారి నా పేరు వచ్చిన చోట చెయ్యెత్తి ఆపేడు. "అయితే తగ్గింది నీ మందుకా?" అన్నాడు. అవునన్నాను. "మన అయ్య మందు కల్తీ సేసేవే పుష్పా. అడిగితే మింగేవోణ్ణి కాదు, నిజమే. కానీ అయ్య పేరెట్టి నాకు అబద్దం పూసేవు." అంతే. గోడవైపు తిరిగేడు. తెల్లారి, "ఆటో పిలు" అన్నాడు.

పాదం తీసేసేరు. చీలమండ పైన. ఎముక దాకా పోయింది. డాక్టరుకి క్యాప్సూళ్ల సంగతి చెప్పేను. నా వయసున్నవాడైతే తిట్టేవాడు, కుర్రాడు కాబట్టి తల దించుకున్నాడు. అప్పటికే రాసిన మందు వెంటనే కొట్టేసి వేరేది రాసేడు. ఇక పైకి పాకదంటున్నారు, మోకాలు దక్కుతుందట.

మీ నాన్న నాతో మాట్లాడటం లేదు. నేను తెచ్చిన అన్నం తింటాడు. కట్టు విప్పడానికి నేను దగ్గరకెళ్లను, ఇక్కడి పిల్లలే చేస్తారు. నా చేతులు పెట్టబుద్ధి కాదు.

చీము పరీక్ష రిపోర్టు వచ్చింది. నేను కలిపిన మందు పేరు ఎదురుగా, ఆ క్రిముల మీద పనిచేయదని ఉంది. అది మొదటినుంచీ అంతేనా, లేక అయిదు నెల్లు కొంచెం కొంచెంగా పూసి నేనే వాటికి అలవాటు చేసేనా? నీ దగ్గర మే నెల క్రిములున్నాయి. నేను పొడి కలపక ముందువి. అవి కూడా ఆ మందుకి చావకపోతే, నా తప్పు సగమే. చూసి చెప్పు. నన్ను పెంచిన అత్త కదా అని జాలిపడకు. మీ అమ్మ పోయినప్పుడు నీకు నేను అబద్ధం చెప్పలేదు.

అత్త


తిరుపతి,
9 డిసెంబరు 2023

అత్తా,

చూశాను. సెప్టెంబరు పళ్లేలే చెప్పేశాయి, అయినా సీసా ముద్ద లేకుండా ఆ మందు ఒక్కటే పెట్టి రెండుసార్లు చూశాను.

మే నెల క్రిములు ఆ మందుకి చచ్చిపోయాయి. సగం బిళ్ళకే చచ్చాయి. అప్పుడు నాన్న నాలుగు రోజులు సరిగ్గా మింగి ఉంటే పుండు మానేది. అలవాటు చేసింది నువ్వు కలిపిన పొడే.

రాయకుండా ఉండాలని రెండు కాగితాలు చించాను. ఒకదాంట్లో "తేలలేదు" అని రాశాను, ఇంకోదాంట్లో "మొదటినుంచీ అంతే" అని. రెండూ చదివితే నాకు మేడం చెయ్యి గుర్తొచ్చింది.

నువ్వు డాక్టరు దగ్గర నోరు విప్పకపోతే ఆయన కూడా క్రిములు చావని మందే ఎక్కించేవాడు, అప్పటికి మోకాలు కూడా పోయేది. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. నువ్వు రాసిన రిపోర్టు సంగతి విని మా సీనియరు చెప్పిన మాట.

ఈ ఉత్తరం నాన్నకి నువ్వే చదివి వినిపించాలి. నేను వచ్చి చెప్పను. తర్వాత అప్పలరాజు ఇంటికి మనం ముగ్గురం వెళ్లాలి, నాన్నని బండి మీద కూర్చోబెట్టుకుని. వాళ్ళావిడ కుమారి మళ్ళీ ఉమ్మితే ఉమ్మనీ.

ఇరవయ్యో తారీకు వస్తున్నాను. ఇంటికొచ్చాక కట్టు రోజూ విప్పాలి కదా. నాకు కడగడం రాదు. ఆ వాసనకి ముక్కు మూసుకున్నా తిట్టకు. నువ్వు కడుగు, నేను పక్కన నిలబడి నేర్చుకుంటాను. చేతులు పెట్టబుద్ధి కాదంటే ఒప్పుకోను. ఆ ఇంట్లో పుండు కడగడం వచ్చిన చేతులు అవే.

సుజి